రెండు తాళాలు

ఆదివారం

అన్నయ్య మాట మీద రాస్తున్నాను. "నోటికొచ్చింది అనే ముందు ఒకసారి కాయితం మీద రాసుకోరా, సగం మంది నీ నోట్లోంచి బతికిపోతారు" అంటూ బల్బుల కంపెనీ వాళ్ళిచ్చిన ఈ డైరీ కొన్నాళ్ళ కిందట నా ఒళ్ళో పడేశాడు. ఇంతవరకు ఒక్క పేజీ రాయలేదు. ఇప్పుడు ఆస్పత్రి వరండాలో కూర్చుని ఉన్నాను. ఎవరినైనా పట్టుకుని నాలుగు తన్నాలని ఉంది. తన్నడానికి తగిన మనిషి దొరకడం లేదు.

పొద్దున ఇద్దరం అట్ట మిషను లోపల ఉన్నాం. సెలవురోజు మిషను నడవదు కాబట్టి రిపేర్లన్నీ అప్పుడే. రైలుపెట్టెలు వరసగా పెట్టినంత పొడుగు ఉంటుంది అది. కాయితం ఒక చివర ఎక్కుతుంది, ఆవిరి రోలర్ల మధ్య మడతలు పడుతుంది, రెండో చివర అట్టగా దిగుతుంది. రిపేరంటే మనిషి లోపలికి దూరాలి. దూరే ముందు మెయిన్ స్విచ్ ఆపి, దానికి ఎవరి తాళం వాళ్ళు వేసుకోవాలి. అన్నయ్యది ఎర్ర తాళం, నాది పసుపుది. తాళానికి పేరూ ఫోటో ఉన్న బిళ్ళ వేలాడుతుంది. ఎవరు వేసిన తాళం వాళ్ళే తియ్యాలి. ఫ్యాక్టరీ ఓనరు వచ్చి నిలబడ్డా ఇంకొకరు ముట్టకూడదు. తాళం ఉందంటే మనిషి లోపల ఉన్నాడని అర్థం.

"పన్నెండో నంబరు స్పానరు అందుకో" అన్నాడు లోపలినుంచి. అందించాను. తీసుకోలేదు. "ఏం, అంతలోనే నిద్రపట్టేసిందా?" అన్నాను. నవ్వుతూనే అన్నాను. స్పానరు కింద పడింది.

కరెంటు కాదు. లైను ఆపి ఉంది, ముందు నేను టెస్టరు పెట్టి చూశాను, తర్వాత తను చూశాడు. తలలో రక్తనాళం చిట్లిందట. ఇంట్లో టీవీ చూస్తూ కూర్చున్నా చిట్లేదేనట. "ఎవరి తప్పూ కాదండీ" అన్నాడు ఎమర్జెన్సీ డాక్టరు. నా జన్మలో ఇంతకంటే ఒళ్ళు మండే మాట వినలేదు.

తాళాలు అక్కడే ఉండిపోయాయి. ఉండనీ. రేపటికి లేస్తాడు, ఇద్దరం వెళ్ళి తీసుకుంటాం.

సోమవారం

లేవలేదు.

వెంటిలేటరు పెట్టారు. గొట్టం నోట్లోంచి లోపలికి వెళ్ళింది. ఛాతీ లేస్తుంది, దిగుతుంది, చాలా పద్ధతిగా. అన్నయ్య నిద్రలో ఎప్పుడూ అంత పద్ధతిగా ఊపిరి తీసుకోలేదు. గురక పెడితే గోడ అవతల నా గదిలో గ్లాసు కదిలేది.

వదిన ఏడవడం లేదు. వదిన డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. నేర్చుకునేవాడు లారీకి ఎదురెళ్తున్నా గొంతు పెంచదు. తన కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది కదా, దాన్ని మెల్లగా తొక్కుతుంది. ఇవాళ కూడా కుర్చీలో నిటారుగా, కుడికాలు కొంచెం ముందుకి పెట్టుకుని కూర్చుంది. "ఏదన్నా తిన్నావా అబ్బాయ్?" అని నన్నే అడుగుతుంది. ఆవిడ మీద కూడా కోపం వచ్చింది.

ఈ వార్డు డాక్టరు పొట్టిగా ఉంటుంది, జేబులో పెన్ను లాంటి టార్చి. టార్చి డాక్టరమ్మ అని పేరు పెట్టాను, మనసులోనే.

"మెదడు బాగా దెబ్బతిందండీ. చెయ్యగలిగింది చేస్తున్నాం. ఆశ పెట్టుకోమని మాత్రం చెప్పలేను" అంది.

"పెట్టుకోవద్దని చెప్పడానికా మీకు జీతమిచ్చేది?" అన్నాను.

వరండాలో అందరూ తిరిగి చూశారు. నేను అరవలేదు. కొంచెం గట్టిగా మాట్లాడాను, అంతే.

సోమవారం, సాయంత్రం

చెయ్యి వెచ్చగా ఉంది. గోళ్ళ కింద గ్రీజు అలాగే ఉంది. నర్సు తుడవబోతే వద్దన్నాను.

మంగళవారం

ఫోర్‌మన్ ఫోన్ చేశాడు. మేం ఆయన్ని బాయిలరు అంటాం, ఎదురుగా కాదు.

"మీ అన్నకెలా ఉందయ్యా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే, "అది సరే, తాళాల సంగతేంటి? నువ్వొచ్చి నీది తీసేస్తే, అతనిది మేం పద్ధతి ప్రకారం కోయించుకుంటాం" అన్నాడు.

కోయిస్తాడట. ఏదో గోరు కత్తిరించినట్టు.

"లోపల పనవ్వలేదు సార్. బేరింగు సగంలో ఉంది. మేమొచ్చి పూర్తి చేశాకే తాళాలు."

"మేమంటే ఎవరయ్యా?"

"నేనూ అన్నయ్యా."

పెట్టెల కోసం లారీలు నిలబడిపోయాయనీ పైవాళ్ళు తన ప్రాణం తీస్తున్నారనీ అన్నాడు. లారీలు నిలబడనీ. ప్రాణం తీస్తున్నారట! ఆ మాట వాడడానికి నోరెలా వచ్చిందో.

అరవలేదు. ఫోను పెట్టేశాను. పెట్టేసిన తర్వాత బల్ల మీద కొట్టాను. నర్సు వచ్చి, ఇక్కడ పేషెంట్లున్నారు అంది. నేనెందుకు కూర్చున్నాననుకుంటుందో ఆవిడ!

మధ్యాహ్నం మమ్మల్ని బయట నిలబెట్టి ఏదో పరీక్ష చేశారు. మెదడు దేనికీ జవాబివ్వలేదట. రేపు ఇంకో డాక్టరుతో కలిసి మళ్ళీ చేస్తారట. రేపు కూడా జవాబు రాకపోతే చనిపోయినట్టు రాస్తారట. గుండె కొట్టుకుంటుంటే, చెయ్యి వెచ్చగా ఉంటే, మూత్రం సంచీ నిండుతుంటే, చనిపోయినట్టు!

"ఒకసారి చేసిన దాని మీద మీకే నమ్మకం లేదు, అందుకే రెండోసారి, అవునా?" అని నిలదీశాను.

"నమ్మకం ఉంది. అయినా పొరపాటు జరగకూడదని రెండుసార్లు చూస్తాం" అంది టార్చి డాక్టరమ్మ.

అది మా స్విచ్ ప్యానెలు దగ్గర అన్నయ్య చెప్పే మాట. నా కోపం అందుకే ఇంకా పెరిగింది.

బుధవారం

రెండో పరీక్ష చూస్తామని పట్టుబట్టాను. వదిన కూడా వచ్చింది. ఇంకో డాక్టరు, తల నెరిసిన మనిషి, గోడ పక్కన నిలబడ్డాడు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. లైనులో కరెంటు ఉందో లేదో చూసే ముందు, టెస్టరు పనిచేస్తోందో లేదో చూడాలి. ముందు టెస్టరుని నడుస్తున్న లైనుకి పెట్టాలి, వెలగాలి. తర్వాత ఆపిన లైనుకి పెట్టాలి, వెలగకూడదు. మళ్ళీ నడుస్తున్న లైనుకి పెట్టాలి, వెలగాలి. మధ్యలో టెస్టరు పాడైపోయి ఉంటే? దాన్ని నమ్మి చెయ్యి పెడితే బూడిదే. ఇది నాకు నేర్పింది అన్నయ్య. కొత్తలో ఒకసారి మూడోది మానేశానని నెత్తి మీద మొట్టాడు.

అందుకని డాక్టరమ్మ టార్చి తీయగానే అడ్డం పడ్డాను.

"ముందు నా కంట్లో వెయ్యండి."

"ఏమిటండీ?"

"ఆ టార్చి. ముందు నా మీద చూసి, తర్వాత ఆయన మీద చూసి, తర్వాత మళ్ళీ నా మీద చూడండి. మీ సామాను పనిచేస్తోందని నాకెలా తెలుస్తుంది?"

తల నెరిసినాయన ఏదో అనబోయాడు. వదిన, "అబ్బాయ్..." అంది. డాక్టరమ్మ తంతుంది, లేదా బయటికి గెంటిస్తుంది అనుకున్నాను. గెంటిస్తే బాగుండేది. గొడవ చేసేవాణ్ణి, పరీక్ష ఆగేది.

ఆవిడ నా దగ్గరికొచ్చింది. పొట్టి కదా, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టింది. టార్చి వేసింది. "ఈయన కంటిపాపలు చిన్నవయ్యాయి, చూడండమ్మా" అని వదినకి చూపించింది. దూది పుల్ల కనుగుడ్డుకి తాకించింది, రెప్ప టక్కున పడింది, తిట్టాను కూడా. తర్వాత అన్నయ్య దగ్గరికి వెళ్ళింది. టార్చి వేసింది. దూది తాకించింది. ఒక కన్ను. రెండో కన్ను. తర్వాత, నేనడగకపోయినా, మళ్ళీ నా దగ్గరికొచ్చి అదే టార్చి, అదే పని, కొత్త దూది. రెప్ప పడింది.

నా పద్ధతే. నేనే అడిగాను. ఆవిడ ఒక్కటి కూడా మానెయ్యలేదు.

తర్వాత వెంటిలేటరు గొట్టం తప్పించారు. సన్నగా ఆక్సిజన్ వదులుతూ, ఛాతీ దానంతటది లేస్తుందా అని చూడాలట. నేను కూడా ఊపిరి బిగపట్టాను. నావల్ల కాలేదు. మళ్ళీ బిగపట్టాను. వద్దనుకున్నా లోపలినుంచి తోసుకొచ్చేసింది. మంచం మీద తెల్ల దుప్పటి మడత అలాగే ఉంది. కదల్లేదు.

అప్పుడు కాలి బొటనవేలు కదిలింది.

చూశాను. నా కళ్ళతో చూశాను. "కదిలింది! కదిలింది, ఆపండి!" అన్నాను. వదిన కూడా చూసింది, నా చెయ్యి పట్టుకుంది.

"వెన్నుపాము నుంచి వస్తుందండీ అది. మెదడు నుంచి కాదు. అలా కదలొచ్చని ముందే చెప్పాల్సింది, నా పొరపాటే" అంది ఆవిడ.

చనిపోయిన టైము రాశారు. గడియారం చూసి రాశారు. ఆ టైముకి ఆయన చెయ్యి నా చేతిలో వెచ్చగా ఉంది.

"గుండె ఆగితే పోయినట్టా, మెదడు ఆగితే పోయినట్టా? ఒకటి తేల్చండి!"

"గుండెకి దాని సొంత కరెంటు ఉంటుంది. గాలి అందినంతసేపు కొట్టుకుంటుంది. గాలి అందిస్తున్నది ఈ మిషను. మీ అన్నయ్యగారు కాదు" అంది.

సొంత కరెంటట. నాకే చెప్తోంది.

బొటనవేలు కదిలింది. ఆ కదలడం గురించి నాకు తెలిసింది ఒకటి ఉంది. ఇక్కడ రాయను.

బుధవారం, మధ్యాహ్నం

ఒక పెద్దమనిషి వచ్చాడు, తెల్ల చొక్కా, దూది లాంటి గొంతు. అవయవదానం విషయాలు చూస్తాడట. గదిలో కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి, బల్ల మీద టిష్యూ పెట్టె. ఆ పెట్టె అట్ట మా ఫ్యాక్టరీదే. అడుగున ముద్ర చూశాను.

"మీరు ఏ నిర్ణయం తీసుకున్నా గౌరవిస్తాం" అన్నాడు.

"ఆయనేమీ స్క్రాపు కాదు, పార్టులు విప్పుకోడానికి" అన్నాను.

వదిన నావైపు చూడలేదు. "మీ అన్నయ్యే అన్నారు. పోయాక ఏవి పనికొస్తే అవి ఇచ్చెయ్యమని. నువ్వూ ఉన్నావు అక్కడ" అంది.

"నాకు గుర్తులేదు."

"ఉన్నావు."

"గుర్తులేదన్నానుగా!"

దూదిగొంతు నీళ్ళ గ్లాసు జరిపాడు. చట్ట ప్రకారం వదిన ఒక్కతే సంతకం పెడితే చాలట. మరి పెట్టుకోమన్నాను. వదిన పెన్ను తీసుకుంది. మూత తీసింది. మళ్ళీ మూత పెట్టేసింది.

"నువ్వు ఒప్పుకోకుండా పెట్టను. ఆయనకి నువ్వొక్కడివే మిగిలావు. రేపు నా మొహం చూడనంటే నాకెవరున్నారు?"

"అయితే వద్దు. గుండె దానంతటది ఆగేదాకా ఉంచండి."

టార్చి డాక్టరమ్మని పిలిపించారు. దానం చేసినా చెయ్యకపోయినా వెంటిలేటరు తీసేస్తారట, చనిపోయిన మనిషికి వైద్యం ఉండదట. మీకు సర్దుకోడానికి రేపటిదాకా ఉంచుతాను అంది. ఆలోచించుకోండి గానీ, ఒంట్లో రక్తపోటు పడిపోతోంది, మందులతో నిలబెడుతున్నాం, ఆలస్యమైన కొద్దీ ఒక్కో అవయవం పనికిరాకుండా పోతుంది అని కూడా చెప్పింది. బెదిరింపు! మొహం మీదే అన్నాను, ఇది బెదిరింపు అని.

"కాదండీ. దాచకుండా చెప్పడం" అంది. అలసిపోయి ఉంది ఆవిడ. నాకేం జాలి కలగలేదు.

కారిడార్లో వదిన నా భుజం మీద చెయ్యి వేసింది. "నేనేం బ్రేకు తొక్కట్లేదు అబ్బాయ్. తొక్కేది నువ్వు" అంది.

చెయ్యి తోసేశాను. అరవలేదు.

గురువారం

ఈరోజు ఏమీ రాయను.

గురువారం, సాయంత్రం

రాస్తాను. రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

పొద్దున బాయిలరు మళ్ళీ ఫోన్ చేశాడు. ఎర్ర తాళం ఇవాళ కోసేస్తున్నాం, చెప్పకుండా చేశామని తర్వాత అనకు, అన్నాడు. "చెయ్యి వేస్తే చెయ్యి విరగ్గొడతా" అని ఆటో ఎక్కాను. దారంతా ఏమేం తిట్టాలో వరసగా పేర్చుకున్నాను.

మనిషి రాలేని పరిస్థితుల్లో తాళం కొయ్యడానికి ఒక పద్ధతి ఉంది. ఇద్దరు మనుషులు మిషను ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడవాలి. ప్రతి సందులో తల పెట్టి చూడాలి. బిళ్ళ మీదున్న పేరు పెట్టి గట్టిగా పిలవాలి. పిలిచి ఆగాలి, లోపలినుంచి ఏమన్నా వినపడుతుందేమో అని. అప్పుడే కొయ్యాలి.

నేను వెళ్ళేసరికి బాయిలరూ, స్టోరు గుమాస్తా నడుస్తున్నారు. గుమాస్తా ఒక చేత్తో ఫోను చూసుకుంటూ, హాజరు పిలిచినట్టు అన్నయ్య పేరు పిలుస్తున్నాడు. సందుల్లోకి వంగడం లేదు, ప్యాంటు మాసిపోతుందని. పిలిచి ఆగడం లేదు.

కొట్టలేదు. చొక్కా పట్టుకున్నాను, అంతే.

"అలాగేనా పిలిచేది? లోపల మనిషుంటే? నీలాంటివాడు పిలిస్తే ఎవడు పలుకుతాడు?"

"ఉండడని నీకూ తెలుసు కదయ్యా" అన్నాడు బాయిలరు. మెల్లగా అన్నాడు. ఆయనకి మెల్లగా మాట్లాడడం చేతనవుతుందని ఇన్నేళ్ళలో తెలీదు.

"తెలుసని చూడకుండా వదిలేస్తారా? ఇదేనా పద్ధతి? మీరెవరూ సరిగ్గా చూడరు. నేనే చూస్తాను."

ఆ మాట నా నోటినుంచే వచ్చింది. తాళం కొయ్యకుండా ఆపడానికి వెళ్ళినవాణ్ణి.

మొదటి చివరినుంచి మొదలుపెట్టాను. వంగాను, చూశాను. "అన్నయ్యా" అని పిలిచాను.

"పేరు పెట్టి పిలవాలి" అన్నాడు బాయిలరు వెనకనుంచి. "బిళ్ళ మీదున్నది."

నేను పుట్టి బుద్ధెరిగాక అన్నయ్యని పేరు పెట్టి పిలవలేదు. చిన్నప్పుడు ఒకసారి, పక్కింటివాళ్ళు పిలుస్తున్నారు కదా అని నేనూ పిలిస్తే, వీధి చివరిదాకా తరిమి చెవి మెలేశాడు. "నేను నీకు అన్నయ్యని రా. ఇంకోసారి పేరు పెట్టావో, పళ్ళు రాలతాయి" అన్నాడు. పెద్దయ్యాక కూడా, బ్యాంకులో ఫారాల దగ్గర నేను ఆ పేరు పలకాల్సొస్తే పక్కనుంచి గుడ్లురిమేవాడు, నవ్వాపుకుంటూ.

పిలిచాను. పేరు పెట్టి. ఆ పేరు ఇక్కడ రాయను.

రోలర్ల మధ్య నా గొంతే తిరిగొచ్చింది. ఆగాను. నడిచాను, వంగాను, మళ్ళీ పిలిచాను. బేరింగు దగ్గరికొచ్చేసరికి సగం లోపలికి దూరాను. పన్నెండో నంబరు స్పానరు పడ్డచోటే ఉంది. అక్కడ పడుకుని గొంతు చించుకుని పిలిచాను. పిలుస్తుంటే తెలిసింది, నేను వింటున్నది మూలుగు కోసం కాదు, కదలిక కోసం కాదు. తిట్టు కోసం. "ఎవర్రా అది, పేరు పెట్టేది?" అన్న తిట్టు కోసం. నన్ను ఒక్కసారి తిడితే చాలు.

అన్నయ్య ప్రాణంతో ఉంటే ఎక్కడున్నా ఊరుకునేవాడు కాదు.

బయటికొచ్చి, లేడన్నాను. బాయిలరు కట్టరు తెచ్చాడు. ఇలా ఇవ్వండన్నాను. ఎర్ర తాళం నేనే కోశాను. తాళం చెవి ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన అన్నయ్య బట్టల సంచీలో, వదిన దగ్గరుంది. అది తెచ్చి తియ్యొచ్చు కదా అన్నాడు గుమాస్తా. వాడికేం తెలుసు? ఒకరి చెవితో ఇంకొకరు తియ్యరు.

"నీది?" అన్నాడు బాయిలరు, పసుపు తాళం చూపించి.

"ఉండనివ్వండి. నా పని అవ్వలేదు" అన్నాను. ఆదివారం దాకా పైవాళ్ళకి నేనే చెప్పుకుంటాలే అన్నాడు ఆయన.

ఇప్పుడు రాస్తాను, నిన్న రాయనన్నది. ఆపేసిన లైను పక్కనుంచి ఇంకో లైను నడుస్తూ ఉంటే, ఆపిన దాంట్లో కూడా ఒక్కోసారి టెస్టరు సన్నగా వెలుగుతుంది. కొత్తవాళ్ళు కరెంటుంది కరెంటుందని గంతులేస్తారు. లేదు. దాన్ని మేం దొంగ వెలుగంటాం. పక్కదాని నుంచి అంటుకున్నది, బల్బు తగిలిస్తే దాన్ని వెలిగించే సత్తా ఉండదు. బొటనవేలు కదిలిన క్షణంలోనే నాకది గుర్తొచ్చింది. డాక్టరమ్మ చెప్పకముందే. తెలిసే అరిచాను.

అవును, అరిచాను. సోమవారం కూడా అరిచాను.

భోజనం బల్ల దగ్గర అన్నయ్య అన్న మాట కూడా గుర్తుంది. ఎందుకు గుర్తుండదు? "పోయాక కళ్ళూ కిడ్నీలూ ఏవి పనికొస్తే అవి ఇచ్చెయ్యవే. వీడు గొడవ చేస్తాడు, పట్టించుకోకు" అని గరిటెతో నన్ను చూపించాడు. నేను పగలబడి నవ్వాను.

ఫ్యాక్టరీ నుంచి ఆస్పత్రికి వెళ్ళి వదినతో అదే అన్నాను. "నాకు గుర్తుంది వదినా. పట్టించుకోవద్దన్నాడు కదా, మరెందుకు పట్టించుకున్నావు?"

"నావల్ల కాలేదు అబ్బాయ్" అంది. అప్పుడు ఏడ్చింది. డ్రైవింగ్ స్కూలు వాళ్ళు చూస్తే గుర్తుపట్టరు, అంత గట్టిగా.

సంతకం పెట్టింది. పక్కన నేనూ పెట్టాను, అక్కర్లేకపోయినా.

శుక్రవారం

గుండె పనికిరాదట.

నిన్న రాత్రి రక్తపోటు పడిపోయిందట. ఊపిరితిత్తులు కూడా కాదు. కాలేయం, కిడ్నీలు, కళ్ళు తీసుకుంటారట.

"నిన్న పొద్దున ఒప్పుకుని ఉంటే?" అని అడిగాను.

"చెప్పలేమండీ" అంది టార్చి డాక్టరమ్మ.

"మొన్న ఒప్పుకుని ఉంటే?"

"చెప్పలేం."

దాచకుండా చెప్తానన్న మనిషి ఇప్పుడు దాస్తోంది. నా వల్లే అని చెప్తే తిట్టుకునైనా ఊరుకునేవాణ్ణి. గుండె కోసం ఎక్కడో ఒకడు పొద్దున్నించీ ఏమీ తినకుండా కూర్చుని ఉంటాడు. వాడికి ఇంటికి వెళ్ళిపొమ్మని చెప్పి ఉంటారు. వాడి వదినెవరో, తమ్ముడెవరో. వాళ్ళు ఎవర్ని తిట్టుకుంటున్నారో తెలీదు. తిట్టుకోనీ. ఆ తిట్లు నావే, వేరేవాడికి పోకూడదు.

థియేటరు తలుపు దాకా బండితో నడిచాం. నర్సు చేత్తో సంచీ నొక్కుతూ గాలి పంపిస్తోంది. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. అందుకే పట్టుకున్నాను, అందుకే వదలలేకపోయాను. వదిన నా వేళ్ళు ఒక్కోటీ విడదీసింది. "గోళ్ళు తుడవకండమ్మా" అని నర్సుతో చెప్పింది. నేను చెప్పాలనుకున్నది అదే.

తలుపు మూసుకుంది. మళ్ళీ తెరుచుకున్నప్పుడు చెయ్యి చల్లగా ఉంది. ఇప్పుడు అందరికీ చచ్చిపోయినట్టే, గుండెకీ, నాకూ. ఏ టైమో నేను చూడలేదు.

శనివారం

అన్నీ అయిపోయాయి. ఇంట్లో జనం. ఓదార్చడానికొచ్చిన ప్రతివాడూ, "మీ అన్న ఇంకా బతికే ఉన్నాడు, నలుగురిలో" అంటున్నాడు. ఒకడితో గొడవ పెట్టుకున్నాను. బతికి లేడు. నేను చూశాను, పిలిచాను, ఆగాను. కిడ్నీలు పని చేస్తున్నాయంతే, మంచిదే, చెయ్యనీ. ఎవరికిచ్చారో చెప్పరట. ఎవరైతేనేం, జాగ్రత్తగా వాడుకుంటే చాలు. ఆ కళ్ళు గోడ అవతలి బోల్టు వదులైందని చెప్పగలిగిన కళ్ళు. ఎవడో రోజంతా ఫోను చూస్తూ కూర్చుంటాడేమోనని తలుచుకుంటే కడుపు మండుతోంది.

వదిన తాళం చెవి నా చేతిలో పెట్టింది. "దీంతో ఇంకేం పని లేదా?" అంది.

లేదన్నాను. అయినా తీసుకున్నాను.

ఆదివారం

పొద్దున్నే వెళ్ళాను. ఇవాళ కూడా మిషను నడవదు, సెలవు. బాయిలరు నా కోసమే వచ్చాడు. ఇంకో మనిషిని తోడిస్తానన్నాడు. వద్దన్నాను. ఒంటరిగా దూరకూడదని పద్ధతి, నీకూ తెలుసు, అన్నాడు. అని, ఆయనే తన తాళం తెచ్చి నా పసుపు తాళం పక్కన వేశాడు. నల్లది. చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. పొట్ట అడ్డమొచ్చి లోపలికి దూరలేకపోయాడు, బయట కూర్చుని సామాన్లు అందించాడు.

"పన్నెండో నంబరు" అన్నాను.

అందించాడు. తీసుకున్నాను.

బేరింగు బిగించాను. అన్నయ్య సగం పెట్టినది చాలా సరిగ్గా పెట్టాడు, నేను వేలు పెట్టాల్సిన అవసరం రాలేదు, మిగతా సగమే నాది. ఎంత సరిగ్గా ఉందో చూస్తే మళ్ళీ కోపమొచ్చింది.

పని అయింది. ఇద్దరం మిషనంతా నడిచాం. బాయిలరు తన తాళం తీసుకున్నాడు. పసుపు తాళం ఒక్కటే మిగిలింది. ఆయన స్విచ్ దగ్గర నిలబడి అటు తిరిగాడు, కళ్ళజోడు తుడుచుకుంటూ.

నా తాళం నేను తీసుకున్నాను.

స్విచ్ వేశాం. రోలర్లు కదిలాయి. ముందు మెల్లగా, తర్వాత నేల అదిరేంతగా. ఆ మోతలో పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు.

అరిచాను. పేరు పెట్టి కాదు. అన్నయ్యా అని.